బోణీ బేరం

మల్లెపూల వాసన అట అది. గోడకు తగిలించిన తెల్లటి డబ్బా ఉండుండి తుస్సుమని ఊపిరి వదులుతోంది, వదిలిన ప్రతిసారీ ఆ గాజుగదిలో మల్లెలు కాదు, మల్లెల పేరు పెట్టుకున్న ఏదో తియ్యటి మందు పరుచుకుంటోంది. తలుపు సందుల్లోంచి, ఏసీ గొట్టం పక్కన పూడ్చకుండా వదిలేసిన కన్నంలోంచి, కింద షెడ్డులోని చేపల వాసన మెల్లగా పైకి పాకి దానితో కలుస్తోంది. రెండూ విడివిడిగా అయితే నాగదుర్గ ఓర్చుకోగలదు, చేపల వాసనను ఓర్చుకోవడమేమిటి, అందులోనే పుట్టింది, ఈ రెండూ కలిసినప్పుడే ముక్కు మూసుకోవాలనిపిస్తోంది. సోఫాకు కొన్ననాటి ప్లాస్టిక్ తొడుగు ఇంకా తియ్యలేదు, కదిలితే కిర్రుమంటోంది, బయటి చెమట ఆరక చుడీదారు దానికి అతుక్కుపోయింది. పక్కన ఉదయ్‌భాస్కర్ ఒళ్ళో టాబ్లెట్ పెట్టుకుని ఆర్డరు కాగితాన్ని మళ్ళీ మళ్ళీ చదువుతున్నాడు. కాకినాడలో ఒకే ఇంజనీరింగ్ కాలేజీ వాళ్ళిద్దరిదీ, ఇప్పుడు ఒకే కంపెనీ. కంపెనీ అంటే రాజమండ్రిలో కొత్త కంపెనీలకు చోటిచ్చే ఆఫీసులో ఓ మూల బల్ల, దాని మీద ఇద్దరి పేర్లూ ఉన్న ఒక స్టిక్కరు. "సంతకం అవ్వగానే ఫోటో తీసుకుందాం దుర్గా," అన్నాడు తలెత్తకుండా, "మెంటార్‌గారికి ఇవాళే పంపెయ్యాలి."  గాజు అవతల, కింద, వేలంపాట అరుపులు వినపడకుండా కదిలే నోళ్ళలా కనిపిస్తున్నాయి. పాట ముగించుకుని వచ్చేస్తాను, కూర్చోండమ్మా అని చెప్పి కిందికి దిగిన అచ్చిబాబు ఆ నోళ్ళ మధ్య తెల్లచొక్కాతో అటూ ఇటూ తిరుగుతున్నాడు. ఉప్పాడలో ఈ షెడ్డు అతనిది, పక్కన ఐసు ఫ్యాక్టరీ అతనిది, ఆ నోళ్ళలో సగం కూడా అతనివే అనిపించింది ఆమెకు.

మొదటి కస్టమరు. ఆ మాటను రాజమండ్రి ఆఫీసులో దేవుడి పేరులా పలుకుతారు. అక్కడ కుర్రవాళ్ళకు దారి చూపే పెద్దమనిషిని అందరూ మెంటార్‌గారు అంటారు, ఆయన మొదటిరోజే చెప్పాడు, కొనేవాణ్ణి తీసుకురండి, వస్తువు సంగతి తర్వాత చూద్దాం అని. అమ్మ ఎప్పుడైనా ఖాళీ తట్ట నెత్తిన పెట్టుకుని చేపలో అని కేకేసిందా అనుకుంది నాగదుర్గ అప్పుడు, కానీ పైకి తల ఊపింది, నోట్సు రాసుకుంది. ఆ తల ఊపడం తలుచుకుంటే ఇప్పుడు మెడ నొప్పెడుతున్నట్టుంది. ఎంతమంది దగ్గరకు తిరిగారు, కాకినాడ హోటళ్ళు, రాజమండ్రిలో చేపలు అమ్మే ఏసీ దుకాణం, బోట్ల సంఘం సెక్రటరీ, అందరూ ప్రశ్నలు వేశారు. ఎలా పనిచేస్తుంది, ఎవరు పరీక్షించారు, ఎండలో పెడితే ఏమవుతుంది, తడిస్తే ఏమవుతుంది. ప్రశ్నలు వేసినవాళ్ళెవరూ మళ్ళీ ఫోను చెయ్యలేదు. ఏ ప్రశ్నా వెయ్యనివాడు అచ్చిబాబు ఒక్కడే. పొద్దున ఫోను, సాయంత్రం ఫోను, ఎప్పుడిస్తారమ్మా, ఎన్నిస్తారమ్మా, నాకంటే ముందు ఇంకెవరికీ ఇవ్వకండేం అని బతిమాలడం. ఒకరోజు గొట్టం కాజాల పెట్టె పంపించాడు రాజమండ్రికి. ఒకటి కొరికితే పాకం నోట్లో చిమ్మింది, గొంతు దాకా తీపి, అక్కడి నుంచి దిగలేదు. మిగతావి ఆఫీసులో అందరూ తిన్నారు, మీ కస్టమరు ఎంత మంచాయనండీ అన్నారు. అమ్మ కూడా అంతే, ఫోనులో గొంతు పొంగిపోయింది, "బోణీ బేరం కాదనకే నాగదుర్గా, ఆయనంతటి మనిషి అడుగుతుంటే" అంది. బోణీ. పొద్దున్నే మొదటి చేప అమ్ముడుపోయిన డబ్బు కళ్ళకద్దుకుని రొంటిన దోపుకునే అమ్మ నోట ఆ మాట ఎంత శుభ్రంగా ఉండేది.

వస్తువు లేదు మరి. అదొక్కటే లేదు. పేరుంది, పేరు కింద గీసిన బొమ్మ ఉంది, చేప మీద టిక్కు పెట్టిన పచ్చటి బొమ్మ, వెబ్‌సైటు ఉంది, టాబ్లెట్‌లో తిరిగే వీడియో ఉంది. చూపించడానికి ఏదో ఒకటి చేతిలో ఉండాలి అన్నాడు ఉదయ్, సబ్బుపెట్టె కన్నా కాస్త పెద్ద ప్లాస్టిక్ డబ్బా కొని అందులో చిన్న లైటు, బ్యాటరీ, స్టిక్కరు కింద దాచిన స్విచ్చు పెట్టాడు. ఒకసారి నొక్కితే పచ్చ, రెండుసార్లు నొక్కితే ఎరుపు. డెమో అంటారు దాన్ని, అందరూ అలాగే మొదలెడతారు, అసలుది వచ్చేదాకా నమూనా అంతే అన్నాడు. అందరూ అన్న ఆ మాట ఎంత మెత్తగా ఉంటుందో, పరుపులా, పడుకుంటే లేవబుద్ధి కాదు. మొదటిసారి ఈ షెడ్డుకు వచ్చినప్పుడు ఐసు మీద పరిచిన పండుగప్ప చేప దగ్గర ఉదయ్ ఆ డబ్బాను ఆనించాడు. ఆమె పక్కన నిలబడి, చేప పాడవడం మొదలైనప్పుడు వచ్చే వాయువులను ఇందులోని చిప్పు పసిగడుతుందండి, కుళ్ళు కనపడకుండా మందు పూసిన చేపను కూడా పట్టేస్తుందండి అని చెప్పింది. చెబుతున్న గొంతు ఎవరిదో ఆమెకు తెలియలేదు, రైల్వేస్టేషన్లో బండి వేళలు చెప్పే గొంతులా సాఫీగా పోతూ ఉంది. ఆ గొంతు వెంట ఉదయ్ బొటనవేలు స్టిక్కరు మీద మెల్లగా వంగడం ఆమె చూసింది. పచ్చగా వెలిగింది. అచ్చిబాబు కళ్ళు ఆ చేప మీద లేవు, ఉదయ్ వేలి మీదా లేవు, లైటు చూస్తున్న కూలీల మొహాల మీద ఉన్నాయి. వాళ్ళు ఓహో అన్నారు. అది వినగానే అతను, ఈ డబ్బా నాలుగు రోజులు నా దగ్గర ఉంచండి అన్నాడు. వద్దని ఆమె కళ్ళతో చెప్పింది. ఉదయ్ అప్పటికే ఇచ్చేశాడు.

ఆ తర్వాతే ఆ ఫోను. బ్రహ్మాండంగా పనిచేస్తోందమ్మా, ఒక్కసారి కూడా తప్పలేదు, అన్నాడు అచ్చిబాబు.  నొక్కేవాడు లేకపోతే అది వెలగదు. వెలగని వస్తువు ఎలా పనిచేస్తోంది, తప్పకుండా ఎలా పనిచేస్తోంది. ఉదయ్‌తో అంటే, ఎక్కడో చెయ్యి తగిలి వెలిగుంటుందిలే, మనకు మంచిదేగా అని నవ్వాడు. ఆ నవ్వులో భయం ఉంది, ఆమెకు అది వినపడింది. వినపడీ ఊరుకుంది. 

చేప మొప్పల్లో వేలు. చిన్నప్పుడు సెలవుల్లో అమ్మతో పిఠాపురం వీధులు తిరిగినప్పటి నుంచి ఆ వేలు ఆమె వెంట వస్తోంది. ఎవరో ఇంటావిడ అరుగు దిగి వచ్చి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, ఒక వేలితో మొప్ప ఎత్తి చూసి, పొట్ట నొక్కి, తిరగేసి, ఏం అప్పాయమ్మా, ఇవాళ్టివేనా, మందు కొట్టినవి కాదు గదా అని అడిగి, అమ్మ ఒట్టు పెట్టుకున్నాక కూడా టప్పున తట్టలోకి విసిరేసి లోపలికి పోయేది. టీవీలో మందు పూసిన చేపల సంగతి చెప్పిన దగ్గర నుంచి ఆ వేలు ఇంకా లోతుకు దిగింది. అమ్మ ఒక్కరోజూ ఏమీ అనలేదు. బేబి పిన్ని మాత్రం అనేది, అమ్మ చెల్లెలు, నోరు గలది, కొంటే కొనండి, పొడిచి పొడిచి చంపకండి అనేది. ఆ బేబి పిన్ని దగ్గర కొన్న చేప తిని ఓ ఇంట్లో అందరికీ వాంతులు పట్టుకున్నాయి. మర్నాడు ఆ వీధిలో అడుగుపెట్టగానే తట్ట లాగి కాలవలో పారేశారు, జుట్టు పట్టుకున్నారు, పోలీసు స్టేషను ముందు సాయంత్రం దాకా కూర్చోబెట్టారు. ఆ చేప ఈ షెడ్డులో పాడుకున్నదే. ఇక్కడికి వచ్చి ఎవరూ ఏమీ అడగలేదు. పిన్ని మళ్ళీ తట్ట ఎత్తలేదు, రొయ్యలు ఒలిచే చోట పనికి చేరింది, ఐసునీళ్ళలో నాని వేళ్ళ చివర్లు ఇప్పుడు తెల్లగా, ముడతలు పడి ఉంటాయి. ఆ వేళ్ళు చూసినరోజే అనుకుంది నాగదుర్గ, ఒక చిన్న లైటు ఉంటే బాగుండును, ఒట్టు పెట్టుకునే పని లేకుండా అదే చెప్పేస్తే. నిజంగా అనుకుంది. ఆ అనుకోవడంలో ఏ కల్తీ లేదు. దాన్ని మెంటార్‌గారి ముందు చెప్పేదాకా లేదు. ఆయన కుర్చీలో ముందుకు వంగి, ఇది బంగారం, ఈ పిన్ని కథతోనే మొదలెట్టండి, ఫోటో ఉందా అని అడిగాడు. ఫోటో తీసింది. పిన్నితో నవ్వొద్దని చెప్పి మరీ తీసింది. ఎన్నిచోట్ల చెప్పిందో ఆ కథ, చెప్పగా చెప్పగా కాలవ దగ్గరకు వచ్చేసరికి గొంతు దానంతటదే జీరపోవడం నేర్చుకుంది. ఒకచోట చప్పట్లు కూడా కొట్టారు. ఇప్పుడు పిన్నిని తలుచుకుంటే పిన్ని రావడం లేదు, ఆ స్లైడే వస్తోంది, కింద కంపెనీ గుర్తుతో సహా. దీనికి ఏ మందు పూసినట్టు, ఎన్నాళ్ళు నిలవ ఉంటుంది ఇది.

ప్రయత్నం చెయ్యకపోలేదు. అది ఒప్పుకోవాలి. చిప్పులు తెప్పించారు, కాలేజీ ల్యాబులో తలుపులన్నీ మూసుకుని చేపలు కుళ్ళబెట్టారు, శాకాహారపు ఇంట్లో పెరిగిన కోనసీమ కుర్రాడు ఉదయ్ మొదటివారం రోజూ వెళ్ళి వాంతి చేసుకుని వచ్చి మళ్ళీ కూర్చునేవాడు, ఆ పంతం చూసే కదా ఇతనితో కలిసింది. మూసిన గదిలో ఆ చిప్పు బాగానే చెప్పేది. సముద్రం ఒడ్డుకు తెచ్చాక దానికి మతి పోయింది. బోటు పొగకు ఎరుపు, బీడీకి ఎరుపు, ఓసారి ఒకావిడ జడలో కనకాంబరాలకు కూడా ఎరుపు. మందు పూసిన చేపకు మాత్రం ఒకరోజు పచ్చ, ఒకరోజు ఎరుపు. ఇంకా టైము కావాలి, ఇంకో రకం చిప్పు కావాలి, ఏడాదో రెండేళ్ళో. ఈ వారంలో ఆర్డరు చూపించకపోతే ఆ మూల బల్ల ఇంకొకరికి ఇచ్చేస్తారు. చూపిస్తే ల్యాబు, ఇద్దరు మనుషులు, చిప్పులు, అన్నీ. ఇలా పక్కపక్కన పెట్టి చూసుకుంటే ఎంత న్యాయంగా కనిపిస్తుందో. కాస్త అబద్ధం ముందు, తర్వాత బోలెడు నిజం. ఉదయ్ దీన్ని ఇంకా బాగా చెబుతాడు, ఇంగ్లీషులో.

కింద ఏదో రంగు కదిలితే గాజు దగ్గరకు లేచి వెళ్ళింది, ప్లాస్టిక్ చర్రుమంది. ఇద్దరు మనుషులు నిచ్చెన వేసుకుని షెడ్డు దూలానికి ఫ్లెక్సీ కడుతున్నారు. తాడు బిగించేసరికి అది విప్పుకుంది, ఆమె మొహం బయటపడింది. కాలేజీ ఐడీ కార్డులోని ఫోటో, బుగ్గలకు గులాబీ రంగు వేశారు, పెదవులకు కూడా. పక్కన చేతులు జోడించిన అచ్చిబాబు, ఆమె కన్నా పెద్దగా. మన ఊరి ఆడపడుచు కనిపెట్టిన పచ్చలైటు, మన షెడ్డులో ప్రతి చేపకూ భరోసా. తన మొహాన్ని తనే అంత పెద్దగా చూడడం ఎప్పుడూ లేదు, ఆ గులాబీ బుగ్గల పిల్ల ఎవరో అనిపించింది. ఫ్లెక్సీ కింద చేపలమ్మే ఆడవాళ్ళు తట్టలు బోర్లించి కూర్చున్నారు, రోజూ కంటే ఎక్కువమంది, పిఠాపురం వైపు వాళ్ళు కూడా వచ్చినట్టున్నారు. వాళ్ళ మధ్యలో అమ్మ. పెళ్ళిళ్ళకు కట్టే ఆకుపచ్చ చీర కట్టుకుంది, వేలంపాటకు ఆ చీర ఎవరైనా కడతారా. ఫ్లెక్సీ వైపు వేలు చూపిస్తూ పక్కావిడకు ఏదో చెబుతోంది, చెబుతూ చెబుతూ కళ్ళు తుడుచుకుంది. మొప్పల్లో వేళ్ళ గురించి ఒక్కరోజూ ఏడవని మనిషి. చూడలేక వెనక్కి తిరిగేసరికి తలుపు తెరుచుకుంది, అరుపులన్నీ ఒక్కసారి లోపలికి వచ్చి, తలుపు మూసుకోగానే ఆగిపోయాయి.

"ఏమ్మా నాగదుర్గా, కూల్‌డ్రింకు తాగలేదేంటి? ఏంటండీ ఉదయ్‌గారూ, అలా బిగుసుకుపోయారు, మన ఇల్లేనండి ఇది." అచ్చిబాబు కుర్చీలో కూలబడి, సొరుగులోంచి ఆ డబ్బా తీసి బల్ల మీద ముద్దుగా నిలబెట్టాడు. స్టిక్కరు అంచు కాస్త లేచి ఉంది. నూనె మరక కూడా. దాన్ని చూస్తూ ఆమె, ఇప్పుడు చెప్పేయాలి అనుకుంది, ఇతనికి నిజం చెప్పేస్తే, ఇంకా తయారవలేదండీ, టైము ఇవ్వండి అంటే, ఒప్పుకుంటే ఒప్పుకుంటాడు, లేకపోతే పోతుంది.

"అచ్చిబాబుగారండీ, ఒక మాట చెప్పాలి. అది నమూనా మాత్రమేనండి. అందులో చిప్పు ఇంకా..."

"తెలుసమ్మా," అన్నాడు. ఎంత మామూలుగా అన్నాడు. "మొదటిరోజే తెలుసు. నా చెప్పు మీద పెట్టి నొక్కి చూశాను, వెలిగింది. ఈ బల్ల మీద పెట్టాను, వెలిగింది. మొన్న లారీలో వచ్చిన సరుకు, నాలుగు పెట్టెలు వాసనేసిపోయాయి, వాటి మీదా వెలిగింది. అబ్బ, ఎంత బాగా వెలిగిందనుకున్నావు!" గట్టిగా నవ్వాడు. అందులో వెటకారం లేదు. నిజంగా ముచ్చటపడుతున్నాడు. "నాకు ఇదే కావాలి. ఇలాంటివే చేసివ్వండి. ఇందులో ఇంకేం పెట్టకండమ్మా, పాడు చేసేస్తారు."

ఉదయ్ టాబ్లెట్ వైపే చూస్తున్నాడు. తెర ఆరిపోయింది, అయినా చూస్తున్నాడు.

"మరి జనం..." అంది నాగదుర్గ. గొంతు తనదే, చాలా రోజుల తర్వాత.

"జనానికి కావలసింది చేపా? కాదమ్మా, ధైర్యం. అదే ఇస్తున్నాం. మీ అమ్మ చెబితే నమ్మరు, నేను చెబితే అసలే నమ్మరు, లైటు చెబితే నమ్ముతారు. అదీ మన పిల్ల చేసిన లైటు." లేచి చొక్కా సర్దుకున్నాడు. "అయినా నేనేమన్నా అడక్కూడనిది అడిగానా? ఉన్నదే అడిగాను. లేనిది చేసివ్వమనలేదు. రండి, కొబ్బరికాయ కొట్టి, నీ చేత్తో మొదటి లైటు వెలిగించేస్తే, తర్వాత సంతకం."

అతను వెళ్ళాడు. గోడ మీది డబ్బా తుస్సుమంది. ఉన్నదే అడిగాడు. అవును, ఇన్నాళ్ళూ తిరిగితే వాళ్ళ దగ్గర ఏముందో సరిగ్గా అది అడిగిన మనిషి ఇతనొక్కడే, లేని చిప్పును కాక, ఉన్న మోసాన్ని కొంటానన్నవాడు. ఆ మెప్పుదలలో ఏదో జిగట ఉంది, బుగ్గ గిల్లి నా బంగారుతల్లి అన్నట్టు, నువ్వూ నేనూ ఒకటే అన్నట్టు, అది ఒంటికి అంటుకుంది. "దుర్గా," అన్నాడు ఉదయ్, మొహం పాలిపోయి ఉంది, "ఒక్క ఆరునెలలు. అతని డబ్బుతోనే అసలుది చేస్తాం. చేశాక ఇవన్నీ వెనక్కి తీసుకుందాం. ఎవరికీ ఏం కాదు." ఎవరికీ అంటే ఎవరికి, అని అడగబోయింది. బేబి పిన్ని స్లైడు మీద వేలు పెట్టి మెంటార్‌గారికి చూపించింది ఇతనే, ఎవరికీ ఏం కాదని ఇతని నోటే. అసహ్యం వేసింది, అతని మీద మాత్రమే వేసుంటే ఎంత తేలికగా ఉండేది. అతను వాంతి చేసుకుని వచ్చి మళ్ళీ కుళ్ళిన చేపల ముందు కూర్చున్న మనిషే, ఆమె కూడా పక్కనే కూర్చుంది, ఎక్కడ ఏ రోజు ముక్కు పనిచెయ్యడం మానేసిందో ఇద్దరికీ తెలియలేదు. "నువ్వు రా," అంది. అతను కదల్లేదు. ఆమె డబ్బా తీసుకుని ఇనపమెట్లు దిగింది.

మెట్టు మెట్టుకూ వేడి, ఉప్పుగాలి, చేప, డీజిలు, అరుపులు. రెండుసార్లు నొక్కితే ఎరుపు. ఆ ఆలోచన దిగుతూ దిగుతూ వచ్చింది, వచ్చి వెలిగింది, అందరి ముందూ అతని చేప మీద ఎరుపు వెలిగిస్తే సరిపోతుంది, ఒక్క నొక్కు ఎక్కువ, అంతే, అచ్చిబాబు మొహం మాడిపోతుంది, బేబి పిన్ని కోసం, కాలవలో పడ్డ తట్ట కోసం. ఎంత హాయిగా ఉందో ఆ ఊహ. కింద కొబ్బరికాయ కొట్టారు, ఎవరో పసుపు నీళ్ళు చల్లారు, అచ్చిబాబు మైకులో, మన అప్పాయమ్మ కూతురు అన్నాడు, ఆడవాళ్ళు ఈలలు వేశారు, అమ్మ తల దించుకుని నవ్వింది. ఐసు మీద ఒక పెద్ద పండుగప్ప, బొట్టు కూడా పెట్టారు దానికి. ఫోనులన్నీ పైకి లేచాయి. నాగదుర్గ ఆ చేప మీదికి వంగింది. కన్ను తేటగానే ఉంది. మంచి చేపేమో. ఇవాళ పొద్దున్నే ఎవరో కష్టపడి పట్టుకొచ్చిందేమో. కాకపోవచ్చు కూడా. ఆమెకు తెలియదు. చేతిలోని ఈ డబ్బాకూ తెలియదు. ఎరుపు వెలిగిస్తే అదీ అబద్ధమే, తన వైపు అబద్ధం, అచ్చిబాబుది అతని వైపు, డబ్బా మాత్రం ఒకటే.

స్టిక్కరు పట్టుకుని లాగింది. గోరు పెట్టి మూత ఊడదీసింది, అది టక్కుమని ఎగిరి ఐసులో పడింది. లోపలి బ్యాటరీ, లైటు, రెండు తీగలు అందరికీ కనపడేలా ఎత్తి పట్టుకుంది.

"ఇందులో ఏమీ లేదండీ," అంది. అప్పటికే అచ్చిబాబు మైకు ఆమె నోటి దగ్గర పెట్టి ఉన్నాడు, ఆ మాట షెడ్డంతా తిరిగింది. "ఇక్కడ నొక్కితే పచ్చ. రెండుసార్లు నొక్కితే ఎరుపు. చేప ఉన్నా వెలుగుతుంది, లేకపోయినా వెలుగుతుంది." తన అరచేతి మీద పెట్టుకుని నొక్కింది. పచ్చ. అచ్చిబాబు భుజం మీద పెట్టి నొక్కింది. పచ్చ. ఎవరో ఫక్కున నవ్వారు, అందరూ నవ్వారు, అచ్చిబాబు కూడా నవ్వేశాడు, పిల్ల తమాషా చేస్తోందండీ అంటూ మైకు వెనక్కి లాక్కున్నాడు. నవ్వు సద్దుమణిగాక ముందు వరసలో కూర్చున్న ఒకావిడ లేచింది, ఆమెకు తెలిసిన మనిషి కాదు. "అయితే ఈ చేప మంచిదా కాదా?"

"నాకు తెలీదండి."

"తెలీకుండానే అంత ఫ్లెక్సీ ఎక్కావా?"

 ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొడతారని ఎక్కడో ఓ మూల అనుకున్నట్టుంది, అనుకున్నందుకు తన మీద తనకే రోత పుట్టింది. అచ్చిబాబు దగ్గరకు వచ్చి, కోపం లేని గొంతుతో, "కాకినాడలో ఎవడో ఒకడు చేసిచ్చేస్తాడమ్మా, నీ చేత్తో అయితే బాగుండేదనుకున్నాను" అన్నాడు, పక్కకు తిరిగి మైకులో మళ్ళీ వేలంపాట మొదలెట్టాడు, రోజూ కంటే తక్కువ ధరతో మొదలెట్టాడు. ఆడవాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. ఒకావిడ తట్ట తీసుకుని ముందుకు జరిగింది, ఆమె వెనక ఇంకొకావిడ, తర్వాత చాలామంది. జరక్క ఏం చేస్తారు, మధ్యాహ్నం దాటితే వీధుల్లో తలుపులు మూసేస్తారు. ఇంకాసేపటికి అక్కడ ఏమీ జరగనట్టే ఉంది. అయినా ముందు వరసావిడ తనకు పడ్డ చేపను ఎత్తి, మొప్ప తీసి చూసి, పక్కకు తోసి, ఇంకోటి వెయ్యమంది. ఆమె వెనకావిడ కూడా. ఎవరి చేతిలోనైనా పచ్చలైటు వెలిగితే రేపు వీళ్ళు ముందు మూత తీసి చూపించమంటారు. అంతకంటే ఏమీ ఇవ్వలేదు వాళ్ళకు, నాగదుర్గ ఇవ్వగలిగింది అంతే. పైన గాజు వెనక ఉదయ్ నిలబడి ఉన్నాడు, ఇటు చూస్తున్నాడో తన నీడనే చూసుకుంటున్నాడో తెలియడం లేదు.

అమ్మ ఆ గుంపులో లేదు. షెడ్డు వెనక, అలలు కొట్టకుండా పోసిన రాళ్ళ మీద, పెళ్ళిచీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, ఖాళీ తట్టతో దిగుతోంది. నాగదుర్గ వెనకాలే వెళ్ళింది. ఒకప్పుడు ఇక్కడ వాళ్ళ వీధి ఉండేది, ఇప్పుడు అలలు ఉన్నాయి. తెలిసిన జాలరి ముసలయ్య పడవ ఆలస్యంగా వచ్చినట్టుంది, వలలోంచి కానాగంత చేపలు విదిలిస్తున్నాడు, చిన్నవి, ఎక్కువ లేవు. అప్పాయమ్మ బేరమాడలేదు. ఉన్నవన్నీ తట్టలో వేయించుకుంది. షెడ్డు వైపు నుంచి మరో ముగ్గురు నలుగురు ఆడవాళ్ళు వచ్చి పక్క పడవ కోసం నిలబడ్డారు. వాళ్ళెవరూ నాగదుర్గ మొహం చూడలేదు. అప్పాయమ్మ తల మీద గుడ్డ చుట్టుకుని తట్ట దగ్గర వంగింది, ఒక్కతే ఎత్తుకోలేదు, ఎవరైనా రెండో చెయ్యి వెయ్యాలి. నాగదుర్గ ముందుకు వచ్చి తట్ట అంచు పట్టుకోబోయింది. ఆ చేతిలో ఇంకా డబ్బా ఉందని అప్పుడు చూసుకుంది, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక హ్యాండ్‌బ్యాగులో కుక్కింది.

"ముట్టుకోకు," అంది అప్పాయమ్మ. ఇంతసేపటికి కూతురితో అన్న మొదటి మాట అదే. మొహం రాయిలా ఉంది, కళ్ళ కింద తడి ఆరిన చారలు. "పిఠాపురం ఆడవాళ్ళందరికీ చెప్పుకున్నానే. రేపటి నుంచి ఏ మొహంతో తిరగను?"

 అల వచ్చి ఇద్దరి కాళ్ళూ తడిపి వెనక్కి పోయింది. అప్పాయమ్మ తట్టలోని చేపల్ని చూసుకుంటూ నిలబడింది, తర్వాత కూతురి చేతుల వైపు చూసింది, అరచేతిలో స్టిక్కరు జిగురు నల్లగా అంటుకుని ఉంది.

"ముందు చేతులు కడుక్కురా. తినే చేపలు."

నాగదుర్గ చెప్పులు విడిచి నీళ్ళలోకి దిగింది. గుప్పెడు ఇసుక తీసుకుని జిగురు పోయేదాకా తోమింది, అరచేతులు ఎర్రబడ్డాయి, మండాయి. తిరిగివచ్చి రెండు చేతులూ చాపి చూపించింది, చిన్నపిల్లలా. అప్పాయమ్మ వాటిని తిప్పి చూసింది, ఇటూ అటూ.

"ఇప్పుడు పట్టు," అంది.